విరాళాల సైకిల్ యాత్ర: 120 కిలోమీటర్ల రోజును గుంపు చెదరకుండా ముగించడం ఎలా

పందెంలో వెనకబడినవాళ్లను వదిలేసి పోతారు. విరాళాల యాత్రలో అది కుదరదు. అందరికంటే నెమ్మదిగా తొక్కే మనిషి వేగమే గుంపు వేగం. (అందరికంటే ఎక్కువ విరాళం పోగుచేసింది ఆ మనిషే అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు.) కాబట్టి లెక్క ముందే వేసుకోండి. గంటకు 20 చొప్పున 120 కిలోమీటర్లకు 6 గంటలు. 4 విరామాలు, ఒక్కోటి 10 నిమిషాలైతే మొత్తం 6 గంటల 40 నిమిషాలు. ఒక్కో చోట 25 నిమిషాలు కూర్చుంటే అదనంగా ఇంకో గంట పోతుంది. ఆ గంటను తొక్కి సంపాదించాలంటే సగటు వేగం 24కు పెరగాలి, అది కొత్తవాళ్ల వల్ల అయ్యే పని కాదు. విరామంలో సీసాలు నింపుకుని, తిని, బయల్దేరడమే చవకైన దారి.

చైనుకు ముందురోజు రాత్రే నూనె వేసి, పైన మిగిలింది గుడ్డతో తుడిచెయ్యండి. జిడ్డు ఉంటే దుమ్మంతా దానికే అంటుకుంటుంది. గాలి మాత్రం పొద్దున్నే చూసుకోవాలి, సన్నటి టైర్లలో రాత్రికి రాత్రే కొంత తగ్గుతుంది. 28 మిల్లీమీటర్ల టైరుకు, 70 కిలోల మనిషికి 70–80 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు. టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠ అంకె దాకా కొట్టేస్తే ప్రతి గతుకూ నడుముకు తెలుస్తుంది. కొత్త షూ, కొత్త సీటు, కొత్త నిక్కరు ఆ రోజు మొదలుపెట్టకండి.

ట్యూబు ఎవరో ఒకరి దగ్గర ఉంటుందిలే అనుకోవద్దు. చక్రం కొలత, వాల్వు రకం సైకిలు సైకిలుకూ మారతాయి. మీ టైరుకు పట్టే ట్యూబులు 2, టైరును రిమ్ము నుంచి ఊడదీసే లివర్లు 2, పంపు, ప్యాచ్‌లు, బోల్టులు బిగించే అలెన్ కీలు, తెగిన చైనును కలపడానికి మీ చైనుకే సరిపడే క్విక్ లింకు ఉంచుకోండి. 9 గేర్ల చైను లింకు 11 గేర్ల చైనుకు పనికిరాదు.

మొదటి గంటే ప్రమాదం. ఒంట్లో ఓపిక, చుట్టూ ఉత్సాహం, కాళ్లు వాటంతటవే పరిగెడతాయి. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంటే తగ్గించండి. ఆకలి కోసం ఎదురుచూడకుండా అరగంట దాటాక తినడం మొదలుపెట్టి, గంటకు 30–60 గ్రాముల పిండిపదార్థం అందేలా చూసుకోండి. మధ్యరకం అరటిపండులో 25 గ్రాములకు కాస్త అటూఇటూ ఉంటుంది. నీళ్లు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, ఎండ ఎక్కువైతే ఇంకొంచెం. గంటల తరబడి ఉత్త నీళ్లే విపరీతంగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతి, అయోమయం దాని గుర్తులు. ఒక సీసాలో ఉప్పు కలిసిన పానీయం ఉండాలి.

గుంపును 8–10 మంది చొప్పున విడగొట్టండి. ముందున్నవాళ్ల వెనక గాలి చాటు దొరికి శ్రమ బాగా తగ్గుతుంది, కానీ కొత్తవాళ్లు ఒక సైకిలు పొడవు ఎడం ఉంచాలి. ముందు సైకిలు వెనక చక్రం పక్కకు మీ ముందు చక్రం ఎప్పుడూ చేరకూడదు. రెండూ తగిలితే ముందువాళ్లు సాధారణంగా నిలదొక్కుకుంటారు, పడేది వెనకవాళ్లే. ఎదుటి చక్రాన్నే చూస్తూ ఉండకుండా వాళ్ల భుజం మీదుగా దూరంగా చూడండి. గుంటను చేత్తో చూపించి, నోటితోనూ చెప్పండి. చేయి తియ్యడం ప్రమాదమనిపిస్తే కేక చాలు.

వంతు వచ్చి గుంపు ముందుకు వచ్చినవాళ్లు చేసే తప్పు ఒక్కటే: వచ్చీ రాగానే వేగం పెంచడం. మీటరు చూసి పాత వేగాన్నే ఉంచండి. మలుపు దాటాక చివరి సైకిలు కూడా తిరిగేదాకా నెమ్మదిగా పోవాలి, లేకపోతే ప్రతి మలుపులోనూ వెనకవాళ్లు పరుగు తియ్యాలి. సాయంత్రానికి అలిసిపోయేది వాళ్లే. ఎక్కుడులో ఎవరి వేగం వారిది, పైన కలవాలి. కలిశాక చివర వచ్చినవాళ్లు ఊపిరి తీసుకోకముందే బయల్దేరితే, ముందొచ్చినవాళ్లకే విశ్రాంతి దక్కినట్టు.

పంక్చరైతే అందరూ రోడ్డు దిగాలి. కొత్త ట్యూబు ఎక్కించే తొందరలో ముల్లును టైరులోనే వదిలేస్తారు, 5 నిమిషాల్లో మళ్లీ గాలి పోతుంది. టైరు లోపలి వైపు వేళ్లు మెల్లగా తిప్పి వెతకండి. ట్యూబు మీద పక్కపక్కన 2 చిన్న చిల్లులుంటే అది ముల్లు పని కాదు, గాలి తక్కువై గతుకులో రిమ్ముకు నొక్కుకుపోయింది. కొత్త ట్యూబుకు గుండ్రంగా నిలిచేంత గాలి కొట్టి లోపల పెడితే మడతపడదు. పూర్తిగా గాలి కొట్టేముందు టైరు అంచు కింద ట్యూబు ఇరుక్కుందేమో రెండు వైపులా చూడండి.

మోకాలు ముందువైపు నొప్పి పెడితే సీటు కిందికి ఉందేమో, వెనకవైపు పెడితే పైకి ఉందేమో చూడండి. దారిలో ఒకేసారి 3–4 మిల్లీమీటర్లకు మించి కదపొద్దు.

గుంపు చివర ఫోను, పనిముట్లతో అనుభవమున్న ఒకరు ఉండి, ప్రతి విరామంలో తలలు లెక్కపెట్టాలి. కళ్లు తిరిగినా, ఎండలో చలి వేసినా, మాట తడబడినా తొక్కడం ఆపి, నీడలో చల్లబరిచి, వెంటనే వైద్యసాయం పిలవాలి. సపోర్ట్ వ్యాన్ ఎక్కాలని బతిమాలే పని లేకుండా ఈ నియమం పొద్దున్నే అందరితో ఒప్పించుకోండి. దారిలో విరమించుకుని ఇంటికి వెళ్లేవాళ్లు వాలంటీరుతో జాబితాలో పేరు కొట్టేయించుకునే కదలాలి. లేదంటే చీకటిపడ్డాక కూడా ఆ మనిషి కోసం దారంతా వెతుకుతూనే ఉంటారు.