వాదీ దారిలో బండి: గల్ఫ్‌కొచ్చిన కొత్త డ్రైవర్ తమ్ముళ్లకు

యూఏఈల ఫుజైరా దిక్కు బండి నడిపే తమ్ముళ్లూ, అక్టోబర్ దాటితే ఎండ తగ్గుతది, పొద్దుగాల చల్లగాలి కొడుతది. సంబరమే. గానీ మధ్యాహ్నం హజర్ గుట్టల మీద మబ్బు గట్టిందంటే వాదీలోకి, అంటే గుట్టల నడుమ ఎండిన వాగులోకి, బండి దించొద్దు. మీ నెత్తిన ఎండే ఉంటది, వాన పైన పడుతది. అక్కడంతా రాయి, నీళ్లు పీల్చదు, మొత్తం కిందికే ఉరుకుతది. ఎండిన వాగుల మట్టినీళ్లు, పుల్లలు కొట్టుకొస్తున్నయా, సామాన్లు ఆడనే వదిలేసి గట్టెక్కుండ్రి.

రోడ్డు మీద నీళ్లు పారుతుంటే, ముందటి ల్యాండ్ క్రూజర్ దాటిందని మీరు దిగొద్దు. మోకాలి లోతుకే చిన్నకారు తేలుతది. వరదొచ్చిన వాదీలో దిగితే 2,000 దిర్హమ్‌ల జరిమానా, లైసెన్సు మీద 23 బ్లాక్ పాయింట్లు (తప్పు మార్కులు), 60 రోజులు బండి జప్తు. కఫీల్ (పనికి పెట్టుకున్న యజమాని) తిట్లు వేరే.

శుక్రవారం రాత్రి గుట్టలల్ల పండుకునేటోళ్లు, ఇసుక మెత్తగుందని వాగుల చాప పరవొద్దు. ఎత్తు మీద పరుసుకోండ్రి, దుప్పటి మరువకుండ్రి.