సీసపు కేంద్రకంపై ప్రోటాన్ తాకిడిని లెక్కగట్టే విధానం

కేంద్రకంతో తాకిడిని దానిలోని ఒక్కో న్యూక్లియాన్‌తో (ప్రోటాన్ లేదా న్యూట్రాన్‌తో) జరిగే విడి తాకిడులుగా లెక్కించే పద్ధతి గ్లాబర్ నమూనా. అందులో మొదటి పని కేంద్రకాన్ని నిర్మించడం. సీసం-208లోని 208 న్యూక్లియాన్లను వుడ్స్-సాక్సన్ సాంద్రత (లోపల దాదాపు సమానంగా ఉండి, అంచు దగ్గర క్రమంగా తగ్గే సాంద్రత) ప్రకారం, వ్యాసార్థం 6.62 ఫెమ్టోమీటర్లు, అంచు మందం 0.546 ఫెమ్టోమీటర్లుగా తీసుకుని, యాదృచ్ఛికంగా అమర్చాలి. కొత్తవారు తరచుగా పొరబడేది ఇక్కడే: కేంద్రం నుండి న్యూక్లియాన్ దూరాన్ని సాంద్రత నుండి నేరుగా కాక, సాంద్రతను దూరపు వర్గంతో గుణించిన విలువ నుండి ఎంచుకోవాలి, లేకపోతే న్యూక్లియాన్లు కేంద్రం దగ్గర గుమిగూడి, తర్వాతి ఫలితాలన్నీ తప్పుతాయి. రెండు న్యూక్లియాన్ల మధ్య కనీసం 0.4 ఫెమ్టోమీటర్ల ఎడం ఉంచడం మంచిది.

తర్వాత 15 ఫెమ్టోమీటర్ల వ్యాసార్థం గల వృత్తంలో ప్రోటాన్లను సమానంగా వదలాలి. 5.02 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద న్యూక్లియాన్ జంట అస్థితిస్థాపక (కొత్త కణాలు పుట్టే) క్రాస్ సెక్షన్, అంటే తాకిడి అవకాశాన్ని వైశాల్యంగా చెప్పే కొలత, సుమారు 68 మిల్లీబార్న్‌లు (6.8 చదరపు ఫెమ్టోమీటర్లు) కనుక, బీమ్‌కు అడ్డంగా చూసినప్పుడు ప్రోటాన్‌కు 1.47 ఫెమ్టోమీటర్ల (అంత వైశాల్యం గల వృత్తపు వ్యాసార్థం) లోపు వచ్చిన ప్రతి న్యూక్లియాన్‌నూ అది తాకినట్లు లెక్కించాలి. ఒక్కటైనా తాకిన ప్రోటాన్ల నిష్పత్తిని వృత్త వైశాల్యంతో గుణిస్తే సుమారు 2.1 బార్న్‌లు రావాలి; సెర్న్‌లోని కణ త్వరణ యంత్రం ఎల్‌హెచ్‌సీ కొలతలూ ఈ విలువ దగ్గరే ఉన్నాయి.

ప్రోటాన్‌కు బదులు ఫోటాన్ (కాంతి కణం) తాకితే విషయం మరింత ఆసక్తికరం. ప్రోటాన్‌పై దాని క్రాస్ సెక్షన్ సుమారు 0.1 మిల్లీబార్న్ మాత్రమే అయినా, కేంద్రకాన్ని చేరేలోపే అది అరుదుగా రో మీసాన్‌గా (న్యూక్లియాన్లతో బలంగా తాకే స్వల్పాయు కణంగా) మారుతుంది కాబట్టి, 68కి బదులు ఆ మీసాన్ క్రాస్ సెక్షన్ అయిన సుమారు 25 మిల్లీబార్న్‌లు పెట్టి అదే ప్రోగ్రాము నడిపి, ఆ మార్పు సంభావ్యతతో గుణించాలి.