తాగునీటి తీర్మానం వెనక్కి రాకుండా ఉండాలంటే: సమస్య - పరిష్కారం

"గ్రామంలో నీళ్లు సరిగా రావడం లేదు, పరిష్కరించగలరు" అని గ్రామసభ మినిట్స్ పుస్తకంలో రాసి పంపితే ఆ కాగితం మండలంలోనే ఆగిపోతుంది. అంచనా వేయడానికి ఇంజనీరుకు అందులో ఏమీ దొరకదు. లోపం బోరులో ఉందా, కరెంటులోనా, పైపులోనా, పంపకంలోనా అన్నది గ్రామసభకు వారం ముందే తేల్చుకోవాలి.

ముందు ఊరి లెక్క

మనిషికి రోజుకు 55 లీటర్లు అనేది కేంద్ర తాగునీటి పథకం జల జీవన్ మిషన్ పెట్టిన కొలత. 1,200 మంది ఉన్న ఊరికి 66,000 లీటర్లు కావాలి. కిందికి వదిలే వాల్వు మూసేసి, ఖాళీ ట్యాంకు ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. 40,000 లీటర్ల ట్యాంకుకు 5 గంటలు పడితే గంటకు 8,000 లీటర్లు ఎక్కుతున్నట్టు. ఊరి అవసరానికి మోటారు రోజూ 8 గంటల 15 నిమిషాలు తిరగాలి, లీకుల కింద ఇంకో గంట కలుపుకోవాలి. నిజంగా ఎన్ని గంటలు తిరుగుతోందో వారం పాటు పంపు ఆపరేటర్ చేత రాయించండి. మోటారు వ్యవసాయ ఫీడర్ (పొలాలకు కరెంటు ఇచ్చే లైను) మీద ఉండి గంటలు తగ్గుతుంటే కొత్త బోరు అడిగి లాభం లేదు, ఫీడర్ మార్పించమని విద్యుత్ శాఖను అడగాలి.

లక్షణం: మొదటి వీధుల్లో ధార, చివరి ఇళ్లకు చుక్కలు

గ్రామసభల్లో ఎక్కువ గొడవ దీని మీదే. పెద్ద ట్యాంకు కావాలన్న మాటా ఇక్కడే వస్తుంది, చాలాసార్లు అది అనవసరం.

ఒక ఉదయం మొదటి వీధుల గేట్ వాల్వులు మూసి, నీళ్లు చివరి వీధికే వదలండి. కుళాయి కింద 10 లీటర్ల బకెట్ పెట్టి సమయం చూడండి. 2 నిమిషాల్లో నిండితే నిమిషానికి 5 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి కావాల్సిన 275 లీటర్లు 55 నిమిషాల్లో వస్తాయి. అంటే నీళ్లున్నాయి, పంపకం తప్పింది. వీధులను రెండు విడతలుగా చేసి వేళలు నిర్ణయించండి, కుళాయిలకు బిగించిన మోటార్లు తీయించండి, బిరడా లేని కుళాయిలకు బిరడాలు బిగించండి. మోటార్లు తీయించే పని వాటర్‌మన్ ఒక్కడి మీద వదిలేయకండి. అతను అదే ఊళ్లో బతకాలి. నిర్ణయం సభ పేరుతో, గడువు తేదీతో ఉండాలి.

మిగతావన్నీ మూసినా ధార సన్నగానే ఉంటే ఆ వీధి వాల్వు చూడండి. చక్రం ఎంత తిప్పినా ఆగకుండా తిరుగుతోందంటే లోపలి స్పిండిల్ (గేటును లేపే కడ్డీ) తెగి, గేటు లేవడం లేదు. వాల్వు మార్చాలి. వాల్వు బాగుంటే లైను వెంట నడవండి, ఎండలో కూడా తడి ఆరని చోట తవ్వండి.

లక్షణం: మోటారు 20 నిమిషాలు పోసి గాలి కక్కుతుంది

బోరులో ఊరేదాని కంటే మోటారు ఎక్కువ తోడుతోంది. మోటారు నుంచి నీళ్లు బయటికొచ్చే డెలివరీ వాల్వు కొంత బిగించి ధార తగ్గించండి, నడుమ విరామమిచ్చి నడపండి, నీళ్లు లేనప్పుడు ఆగిపోయే డ్రై రన్ రక్షణ స్టార్టర్‌లో పెట్టించండి. పక్కన కొత్తగా పడిన బోర్లు ఉన్నాయేమో చూడండి. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ప్రభుత్వ తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా ఎవరూ బోరు వేయకూడదు. కొలిచిన దూరంతో తహసీల్దారుకు రాయండి. ఇవన్నీ అయ్యాకే కొత్త బోరు, అదీ భూగర్భ జల శాఖ సర్వేతో.

లక్షణం: మొదటి నిమిషాలు మురుగు వాసన, తర్వాత తేటనీళ్లు

సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పోయి, పగిలిన చోట మురుగు కాలువ నీరు లోపలికి వస్తుంది. కాలువలో మునిగిన పైపు జాయింట్లు ముందు చూడండి. ఇది ఎజెండా కోసం ఆగే విషయం కాదు, ఆ రోజే తవ్వించాలి. పని ముగిసేదాకా ఆ వీధికి ట్యాంకర్ పెట్టండి.

బ్లీచింగ్ లెక్క: 25 శాతం క్లోరిన్ ఉన్న పొడి 1,000 లీటర్లకు 4 గ్రాములు, 40,000 లీటర్లకు 160 గ్రాములు. బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. అరగంట ఆగి వదలాలి. చివరి కుళాయి దగ్గర క్లోరోస్కోపులో (నీటిలో మిగిలిన క్లోరిన్ కొలిచే పరికరం) లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా చూపించాలి. తేమ తగిలిన పాత సంచిలోని పొడికి బలం ఉండదు.

ఫ్లోరైడ్‌కు బ్లీచింగ్ పనిచేయదు, కాచినా పోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ల్యాబ్ రిపోర్టు జతచేసి నది నీటి పథకం లైను అడగండి. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో వంగిన ఎముకలు చూసినవాళ్లెవరూ దీన్ని వాయిదా వేయరు.

లక్షణం: తీర్మానం కొర్రీతో (అభ్యంతరంతో) తిరిగొచ్చింది

సాధారణంగా మూడు కారణాలు: ట్యాంకు స్థలానికి పత్రాలు లేవు, సాంకేతిక మంజూరు (అంచనాకు ఇంజనీరింగ్ అధికారి ఆమోదం) లేదు, నిధుల పద్దు తప్పు. 15వ ఆర్థిక సంఘం 2021-26కి ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం షరతులతో ఇచ్చినవి. అందులో సగం తాగునీరు, వాన నీటి సంరక్షణ, నీటి పునర్వినియోగానికి. వాటర్‌మన్ జీతం నీటి పన్ను నుంచి చూపడం మేలు.

తీర్మానం ఇలా ఉండాలి: "బీసీ కాలనీ మూడో వీధి, 14 ఇళ్లు, 61 మంది. ఉదయం విడతలో కుళాయికి నిమిషానికి 2 లీటర్లు. మిగతా వాల్వులు మూసినా మార్పు లేదు. గుడి దగ్గరి గేట్ వాల్వు స్పిండిల్ తెగింది. వాల్వు మార్పుకు అంచనా కోరడమైనది." కింద కొలతలు తీసిన తేదీలు, సభకు వచ్చినవారి సంతకాలు పెట్టించండి. ఆ వీధి ఆడవాళ్ల సంతకాలు తప్పకుండా ఉండాలి, బిందెలు మోసేది వాళ్లే. నకలు ఒకటి ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) అసిస్టెంట్ ఇంజనీరుకు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి.