ఆఫీసులో క్రిస్మస్ పార్టీ మీ నెత్తిన పడితే

నవంబరు మీటింగులో "ఈసారి క్రిస్మస్ పార్టీ ఎవరు చూస్తారు?" అని అడిగినప్పుడు నేను తల దించుకుని ఫోన్ చూసుకుంటున్నాను. తల ఎత్తేసరికి అందరూ నావైపే చూస్తున్నారు. జీతాల సెక్షన్‌లో పనిచేసేదాన్ని, లెక్కలు వచ్చు, ఇంకేం కావాలి వాళ్లకి! ఇది ఆరేళ్ల కిందటి సంగతి. అప్పటినుంచి ప్రతి ఏడూ ఆ ఫైలు నా దగ్గరే ఉంది.

మొదటి ఏడాది అందరూ చేసినట్టే చేశాను. ముందు హాలు, తర్వాత భోజనం, తర్వాత పాటలు. రాత్రి ఏడున్నరకి మొదలన్నాను. వస్తామని పేరిచ్చినవాళ్లు 64 మంది, వచ్చినవాళ్లు 38 మంది. చంటిపిల్లల తల్లులు రాలేదు, దూరాల నుంచి వచ్చేవాళ్లు రాలేదు. మర్నాటి పొద్దున్నే షిఫ్టు ఉన్నవాళ్లయితే ఆ వైపే చూడలేదు. మిగిలిన భోజనం చూసి నాకు ఏడుపొచ్చింది. అందుకే ఇప్పుడు పార్టీ ఎప్పుడు ముగియాలో ముందు రాసుకుంటాను, మిగతావన్నీ దాన్నిబట్టే. రెండో ఏడాది ఆఫీసు వేళల్లోనే, మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి అయిదున్నరకి ముగించాం. అదే 64 మందిలో 57 మంది వచ్చారు. ఆ తర్వాత కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లు చెప్పుకుంటారు, ఇంటికి వెళ్లేవాళ్లు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా వెళ్తారు.

తేదీ విషయంలో డిసెంబరు రెండో వారం గానీ మూడో వారం గానీ మంచిది. చివరి వారానికి సగం మంది సెలవులో ఉంటారు, ఉన్నవాళ్లు ఏడాది చివరి లెక్కల్లో మునిగి ఉంటారు. 24 సాయంత్రం మాత్రం వద్దు. నిజంగా పండగ చేసుకునేవాళ్లకి ఆ సాయంత్రం చర్చి ఉంటుంది, వాళ్లు లేకుండా క్రిస్మస్ పార్టీ ఏమిటి? మా టీమ్‌లో ఒకామె జనవరి 7న చేసుకుంటుంది. ఆమె వెళ్లే చర్చి పాత జూలియన్ క్యాలెండరు పాటిస్తుంది. ఆ క్యాలెండరు మనం వాడేదానికి ఇప్పుడు 13 రోజులు వెనక నడుస్తోంది కాబట్టి వాళ్ల డిసెంబరు 25 మనకి జనవరి 7 అవుతుంది. ఆమె చెప్పేదాకా నాకీ సంగతి తెలీదు. అప్పటినుంచి జనవరి 7న ఆమె టేబుల్ మీద ఒక చిన్న కేకు పెట్టడం కూడా నా ఫైల్లో చేరింది.

డబ్బు సంగతి త్వరగా తేల్చేయండి. ఆఫీసు ఎంత ఇస్తుందో నోటిమాటగా కాదు, రాతపూర్వకంగా తీసుకోండి. చాలకపోతే పార్టీ తగ్గించండి, చందాలు మాత్రం ఎత్తకండి. ఎత్తక తప్పకపోతే ఎవరెంత ఇచ్చారో ఇంకెవరికీ తెలియనివ్వకండి. ఒకసారి ఆ జాబితా గోడకి అంటించారు. నా జీతం ఎంతో నాకు తెలుసు, ఆ జాబితాలో ఉన్నవాళ్ల జీతాలు కూడా తెలుసు. అది చూస్తూ నిలబడలేకపోయాను.

పిలుపుతోపాటు నాలుగు ప్రశ్నలు పంపుతాను: వస్తారా, మీరు తినకూడనివి ఏమిటి, ఇంటికెలా వెళ్తారు, సీక్రెట్ శాంటాలో (చీటీలో ఎవరి పేరు వస్తే వాళ్లకి, ఎవరిచ్చారో తెలియకుండా బహుమతి ఇచ్చే ఆట) ఉంటారా. రెండో ప్రశ్నని "వెజ్జా, నాన్‌వెజ్జా" అని అడిగితే సరిపోదు. క్రిస్మస్ కేకునే చూడండి. ఎండు పండ్లని రమ్ములోనో బ్రాందీలోనో నానబెట్టి చేసేది చాలా ఉంటుంది. బేక్ చేసినా అందులో మద్యం పూర్తిగా పోదు, కొందరైతే కాల్చాక కూడా పైన పోస్తారు. గుడ్డు ఉంటుంది, గింజలు ఉంటాయి. మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయి తెల్లగా అమాయకంగా కనిపిస్తుంది గానీ అందులో మామూలుగా వేసే జెలటిన్ జంతువులనుంచి వచ్చేదే. ఒకసారి ఒకతను కేకు ముక్క చేత్తో పట్టుకుని "ఇందులో గింజలు ఉన్నాయా?" అని అడిగాడు. చుట్టూ ఎనిమిది మందిమి, ఒక్కరికీ తెలీదు. అతను ఏమీ అనలేదు, ముక్క పక్కన పెట్టేసి మంచినీళ్లు తాగి కూర్చున్నాడు. అప్పటినుంచి ప్రతి గిన్నె ముందూ చీటీ ఉంటుంది: గుడ్డు, పాలు, గోధుమ, గింజలు, మద్యం, ఏవి ఉంటే అవి. కేకు తెప్పించేటప్పుడే అడిగి రాసుకోవాలి, పార్టీ మధ్యలో ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు.

భోజనాల దగ్గర లైను గురించి ఎవరూ ఆలోచించరు. యాభై ఏడు మంది, మనిషికి అర నిమిషం పట్టినా దాదాపు అరగంట. చివర నిలబడ్డవాళ్లకి ఆకలి, ముందు తిన్నవాళ్లకి విసుగు. టేబుల్‌ని గోడకి ఆనించకుండా మధ్యకి లాగి రెండు వైపులా వడ్డించుకునేలా చేస్తే ఆ సమయం సగం అవుతుంది. ప్లేట్లు మొదట్లో పెట్టండి, స్పూన్లూ నాప్‌కిన్లూ చివర్లో, లేకపోతే మూడు చేతులు కావాలి. తాగేవి అసలు ఆ టేబుల్ మీదే ఉండకూడదు, గదికి అవతలి మూల పెట్టాలి. ఇక వేడి పదార్థాలు వడ్డించాక రెండు గంటలకు మించి బయట ఉంచకండి. మిగిలినవి తర్వాత ఎవరికైనా ఇద్దామనుకుంటే ఇది ఇంకా ముఖ్యం.

మందు ఉండాలా వద్దా? నా మటుకు వద్దు. పైవాళ్లు ఉండాలంటే మనిషికి రెండు కూపన్లు, అదీ భోజనం మొదలయ్యాకే. కాఫీ తాగితే దిగిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. కాలేయం దాని వేగంలో అది పనిచేస్తుంది, కాఫీతో నిద్రమత్తు వదులుతుంది తప్ప ఆ వేగం పెరగదు. ఇంటికెలా వెళ్తారని ముందే అడిగింది ఇందుకే.

సీక్రెట్ శాంటా నాకు ఇష్టమైన భాగం, అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి తెచ్చేది కూడా అదే. అందరి పేర్లూ గిన్నెలో వేసి తలో చీటీ తీస్తే ఎవరో ఒకరికి తన పేరే వస్తుంది. నలుగురైదుగురు మించి ఎంతమంది ఉన్నా నూటికి సుమారు 63 సార్లు అలాగే జరుగుతుంది, జనం ఎక్కువైతే తగ్గుతుందని అనుకుంటాం గానీ తగ్గదు. ఇది పాత చిక్కే, 1708లో మోన్‌మోర్ అనే ఫ్రెంచి గణితవేత్త పేకాట లెక్కగా దీన్ని ఎత్తుకున్నాడు. మా ఆఫీసులో ఒకసారి మూడుసార్లు చీటీలు మళ్లీ కలపాల్సి వచ్చింది, అప్పటికి ఎవరి పేరు ఎవరికి వచ్చిందో సగం మందికి తెలిసిపోయింది. దీనికి తేలిక మార్గం ఉంది. పేర్లు బాగా కలిపి ఒక వరుసలో రాయండి. ఒక్కొక్కరూ తన కిందివాళ్లకి ఇవ్వాలి, చివరివాళ్లు మొదటివాళ్లకి. తన పేరు తనకి వచ్చే ప్రశ్నే లేదు. కాకపోతే రాసినవాళ్లకి అంతా తెలుస్తుంది కాబట్టి వాళ్లు ఆటలో ఉండకూడదు. నేను ఆరేళ్లుగా ఎవరికీ ఇవ్వలేదు, ఎవరి దగ్గరా తీసుకోలేదు.

బహుమతి ఖర్చుకి పైహద్దు అందరూ పెడతారు. కిందిహద్దు కూడా పెట్టండి, లేకపోతే ఒకరికి మంచి శాలువా, పక్కవాళ్లకి బాల్‌పెన్ను. మర్చిపోయి ఉత్తచేతుల్తో వచ్చేవాళ్లు ఏటా ఒకరు ఉంటారు, రెండు బహుమతులు అదనంగా చుట్టి ఉంచుకోండి. మేనేజర్లని ఆటలోకి తీసుకోకపోవడమే నయం. కొత్తగా చేరిన కుర్రాడికి ఒకసారి పెద్ద సారు పేరు వచ్చింది. "మేడమ్, సార్‌కి టై ఇస్తే ఏమైనా అనుకుంటారా?" అని మూడు రోజులు నా టేబుల్ చుట్టూ తిరిగాడు. వాడి టెన్షన్ చూడలేక నేనే ఒక మొక్క కొనిపించాను.

సెక్యూరిటీ వాళ్లు, శుభ్రం చేసేవాళ్లు, రాత్రి షిఫ్టు వాళ్లు జీతాల జాబితాలో ఉండకపోవచ్చు, వేరే ఏజెన్సీ కింద ఉండొచ్చు. కాబట్టి మెయిల్ వాళ్లకి వెళ్లదు. నేనే వెళ్లి పిలుస్తాను. పిలిచి, పార్టీ రోజు ప్లేట్లు వాళ్లచేతే తీయించడం కంటే పిలవకపోవడం మేలు. ఆఖరి ఇరవై నిమిషాలు మాలో ఆరుగురం నడుం బిగించి సర్దుతాం, ఆ పేర్లు ముందే రాసి ఉంటాయి. రాత్రి షిఫ్టు వాళ్ల భాగం వడ్డనకి ముందే విడిగా తీసి ఫ్రిజ్‌లో పెడతాం. అందరూ తిన్నాక మిగిలింది వాళ్లకి ఇవ్వం.

అలంకరణ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చెట్టు బయటికి వెళ్లే దారికి అడ్డంగా పెట్టకండి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకి ఇంకో ఎక్స్‌టెన్షన్ తగిలించకండి, నిప్పంటుకుంటే నీళ్లు చల్లే స్ప్రింక్లర్ గొట్టాలకి తోరణాలు కట్టకండి. కొవ్వొత్తులు బ్యాటరీవి చాలు. ఉపన్యాసాలు అయిదు నిమిషాలు, మైకు నా చేతిలోనే ఉంటుంది. ఆటలు ఆడమని ఎవర్నీ లాక్కెళ్లకండి, మూల కూర్చుని చూడటం కూడా కొందరికి పార్టీయే.

మర్నాడు బిల్లులన్నీ అకౌంట్స్‌కి ఇచ్చేసి, అరువు తెచ్చిన స్పీకరు ఎవరిది వాళ్లకి చేర్చి, మతిమరుపు రాకముందే అసలు లెక్క రాసి పెట్టుకుంటాను. కిందటేడు ఆఖరి వరుస ఇలా ఉంది: "ప్లేట్లు 70 తెచ్చాం, 61 వాడాం. ఐసు నాలుగున్నరకే అయిపోయింది, ఈసారి రెట్టింపు చెప్పాలి. చెట్టు మీది నక్షత్రం ఇంకా మూడో అంతస్తులోనే ఉంది."