మిడ్‌ఫీల్డర్ ఆట ఎలా చూడాలి? మోడ్రిచ్‌తో మొదలెట్టండి

క్రొయేషియా మిడ్‌ఫీల్డర్ (అంటే డిఫెండర్లకీ ఫార్వర్డ్‌లకీ మధ్యలో ఆడేవాడు) లుకా మోడ్రిచ్ స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్‌కి 597 మ్యాచ్‌లు ఆడాడు, కొట్టిన గోల్స్ 43. అదే టీమ్‌లో రొనాల్డో 438 మ్యాచ్‌ల్లో 450 కొట్టాడు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి "మరి 2018లో ఏడాది బెస్ట్ ప్లేయర్‌కిచ్చే బాలన్ డోర్ మోడ్రిచ్‌కెందుకిచ్చారు అసలు" అని అడిగేవాడు ప్రతి ఫ్రెండ్స్ గ్రూప్‌లో ఒకడుంటాడు. వాడి తప్పు కూడా కాదులెండి, మనం క్రికెట్ చూసి పెరిగినవాళ్లం, స్కోర్‌కార్డ్ తీస్తే ఎవడేం చేశాడో అక్కడ తెలిసిపోతుంది. ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డర్ గురించి స్కోర్‌కార్డ్ దాదాపు ఏమీ చెప్పదు. అతను చేసే పనిలో ముఖ్యమైనదంతా బాల్ తన దగ్గరికి రాకముందే అయిపోతుంది, అది చూడటం అలవాటైతే తప్ప అలాంటివాడి కెరీర్ ఎందుకంత గొప్పదో బుర్రకెక్కదు. ఆ అలవాటు ఎలా చేసుకోవాలో నాకు తెలిసినంతలో చెప్తా.

ముందు మ్యాచ్ సంగతి. హైలైట్స్ అస్సలు వద్దు, హైలైట్స్ అంటే గోల్ పడిన ఆ పది సెకన్లే కదా, మిడ్‌ఫీల్డర్ చేయాల్సింది అంతకుముందే చేసేసి ఉంటాడు, అది కోసేస్తారు. ఫుల్ మ్యాచ్ రీప్లే కావాలి. లైవ్ కూడా దీనికి పనికిరాదనే నా అభిప్రాయం, యూరప్ పెద్ద క్లబ్‌లు ఆడే చాంపియన్స్ లీగ్ మనకి అర్ధరాత్రి పన్నెండున్నరకో ఒకటిన్నరకో మొదలవుతుంది, నిద్రమత్తులో బాల్ తప్ప ఇంకేం కనపడదు, పైగా ఎవడు గెలుస్తాడా అన్న టెన్షన్ ఒకటి. రిజల్ట్ ముందే తెలిసిన మ్యాచ్ అయితే కుదురుగా ఒక మనిషినే చూస్తూ కూర్చోవచ్చు.

ఏ మ్యాచ్ అంటే నేనైతే 2022 వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్, క్రొయేషియా బ్రెజిల్ చెప్తా. డిసెంబర్ 9న ఖతార్‌లో జరిగింది. ఆ రోజు క్రొయేషియా ఎక్స్‌ట్రా టైమ్‌తో కలిపి 120 నిమిషాల్లో గోల్ వైపు సరిగ్గా కొట్టిన షాట్ ఒక్కటే ఒక్కటి, 117వ నిమిషంలో పెట్కోవిచ్ కొట్టింది, అదే గోల్ అయింది, 1-1 అయి పెనాల్టీల్లో 4-2తో బ్రెజిల్ ఇంటికెళ్లిపోయింది. గోల్‌కీపర్ లివకోవిచ్ అడ్డుగోడలా నిలబడ్డాడు, నిజమే, ఆ క్రెడిట్ ఆయనకివ్వాల్సిందే. కానీ నెయ్‌మార్, వినీషియస్ ఉన్న టీమ్ ఎక్స్‌ట్రా టైమ్‌లో 105 నిమిషాలు దాటేదాకా గోల్ కొట్టలేకపోయిందంటే దానికి ఇంకో కారణం మధ్యలో బ్రోజోవిచ్, కొవాచిచ్, మోడ్రిచ్ ముగ్గురూ బాల్‌ని దాచిపెట్టేసుకోవడం. అప్పటికి మోడ్రిచ్ వయసు 37, మొత్తం 120 నిమిషాలూ ఆడి షూటౌట్‌లో తన పెనాల్టీ కూడా వేశాడు.

మ్యాచ్ పెట్టుకున్నాక మొదటి పావుగంట బాల్‌ని చూడకండి. వినడానికి తిక్కగా ఉంటుంది, చేయడం అంతకంటే కష్టం, కళ్లు వాటంతటవే బాల్ మీదకి పోతాయి. క్రొయేషియా 10 నంబర్ చొక్కా, అంటే మోడ్రిచ్‌ని ఒక్కడినే చూడండి. ఇంకో సౌకర్యం ఏంటంటే టీవీ కెమెరా బాల్ వెనకాలే తిరుగుతుంది కాబట్టి ఆ చివర ఫార్వర్డ్‌లు, ఈ చివర డిఫెండర్లు ఫ్రేమ్‌లోంచి పోతూ ఉంటారు గానీ మిడ్‌ఫీల్డర్ ఎక్కువసేపు స్క్రీన్ మీదే దొరుకుతాడు.

ఇప్పుడు అతని తల చూడండి. కాళ్లు కాదు, తల. బాల్ బ్రోజోవిచ్ దగ్గరో సెంటర్ బ్యాక్ (వెనక మధ్యలో ఆడే డిఫెండర్) దగ్గరో ఉన్నప్పుడు మోడ్రిచ్ కుడి భుజం మీదుగా ఒకసారి, ఎడమ భుజం మీదుగా ఒకసారి, మళ్లీ బాల్ వైపు, మళ్లీ వెనక్కి ఇలా చూస్తూనే ఉంటాడు. కోచ్‌లు దీన్నే స్కానింగ్ అంటారు. నార్వేకి చెందిన గైర్ యోర్డెట్ అనే ప్రొఫెసర్ ఏళ్ల తరబడి ఇదే పని మీద ఉన్నాడు, ప్రీమియర్ లీగ్ ప్లేయర్ల క్లోజప్ వీడియోలు ముందేసుకుని బాల్ రాకముందు ఎక్కువసార్లు అటూ ఇటూ చూసేవాళ్లు ముందుకి వేసే పాస్‌లు ఎక్కువ కరెక్ట్‌గా వేస్తున్నారని తేల్చాడు. అనుమానం ఉంటే మీరే చేసి చూడండి, మోడ్రిచ్‌కి పాస్ బయల్దేరిన క్షణంలో పాజ్ కొట్టి పది సెకన్లు వెనక్కి తిప్పి తల ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టండి, తర్వాత అదే మ్యాచ్‌లో ఒక సెంటర్ ఫార్వర్డ్‌ని పట్టుకుని అదే పని చేయండి, తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

తల తర్వాత నిలబడే తీరు. బాల్ వచ్చే వైపుకి నిండుగా ఛాతీ పెట్టి నిలబడితే వెనకాల ఏం జరుగుతోందో తెలీదు, బాల్ అందుకున్నాక తిరగాలి, తిరిగేలోపు ఒకడు వచ్చి తగులుతాడు. అందుకే మోడ్రిచ్ లాంటివాళ్లు పక్కవాటుగా, గ్రౌండ్ రెండు వైపులా కనిపించేలా నిలబడి, ఎడమ నుంచి వచ్చే బాల్‌ని ఒంటికి అడ్డంగా పోనిచ్చి కుడి కాలితో తీసుకుంటారు, అంటే మొదటి టచ్‌తోనే ఒక మనిషిని దాటేసినట్టు. ఇది డ్రిబ్లింగ్ లెక్కల్లో రాదు. యూట్యూబ్ స్కిల్స్ వీడియోల్లో అంతకంటే రాదు.

ఆ బయటి పాదంతో వేసే పాస్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ దాన్ని స్టైల్ అనుకుంటారు. 2022 ఏప్రిల్ 12, మాడ్రిడ్ గ్రౌండ్ బెర్నబ్యూలో చెల్సీతో చాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ సెకండ్ లెగ్, అంటే రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి చూసే పోటీలో రెండోది. ఫస్ట్ లెగ్ లండన్‌లో 3-1తో గెలిచొచ్చిన మాడ్రిడ్ సొంత గ్రౌండ్‌లో 0-3 వెనకబడి ఉంది, మొత్తం మీద 3-4, ఇంకో పది నిమిషాలు గడిస్తే ఇంటికే. 80వ నిమిషంలో మోడ్రిచ్ కుడి పాదం బయటి అంచుతో డిఫెండర్లందరి మీదుగా ఒక బాల్ వేశాడు, దూరంగా ఆ పోస్ట్ దగ్గరికి పరిగెత్తుకొస్తున్న రోడ్రిగో అది కింద పడకుండానే గోల్‌లోకి కొట్టేశాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో బెంజిమా ఇంకోటి కొట్టి 5-4తో సెమీస్‌కి వెళ్లారు, ఆ ఏడాది కప్ కూడా వాళ్లదే. ఇప్పుడు ఆ పాస్‌ని స్లో చేసి చూడండి. మామూలుగా లోపలి పాదంతో అంత దూరం వేయాలంటే నడుము తిప్పాలి, నిలబడే కాలు సర్దుకోవాలి, ఆ సర్దుకోవడం చూసే డిఫెండర్‌కి బాల్ ఎటు పోతుందో తెలిసిపోతుంది. బయటి అంచుతో అయితే నడుస్తున్నవాడు నడుస్తున్నట్టే వేసేస్తాడు. ఆ మిగిలిన అర సెకనే అక్కడ అసలు విషయం, అందం తర్వాత సంగతి.

పాస్ వేశాక కళ్లు బాల్‌తో పాటు పోనివ్వకండి, అతని మీదే ఉంచండి. వేసి నిలబడిపోయేవాడు ఒక రకం, వేసిన వెంటనే నాలుగడుగులు పక్కకి జరిగి మళ్లీ ఖాళీలో దొరికేవాడు ఇంకో రకం. స్ట్రైక్ రొటేట్ చేసే బ్యాట్స్‌మన్‌ని మనం ఎలా చూస్తామో దాన్ని అలా చూడాలి, ఒక్కో సింగిల్‌కి చప్పట్లు పడవు గానీ ఫీల్డింగ్ మొత్తం చెల్లాచెదురైపోతుంది.

పాస్ పర్సెంటేజ్ (వేసిన పాస్‌ల్లో నూటికి ఎన్ని సొంత టీమ్‌వాడికి చేరాయన్న లెక్క) చూసి మోసపోకండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. పక్కనున్నవాడికి, వెనకున్నవాడికి ఇస్తూ పోతే ఎవరికైనా 95 వస్తుంది. ఒక తెల్ల కాగితం తీసుకుని గ్రౌండ్ గీసి మూడు భాగాలు చేయండి, మీ మనిషి బాల్ ఎక్కడ తీసుకున్నాడో చుక్క పెట్టండి, అక్కడి నుంచి ముందుకా పక్కకా వెనక్కా ఎటు వేశాడో చిన్న గీత గీయండి. ఒక హాఫ్‌కి చేస్తే చాలు, ఏ వెబ్‌సైట్ స్టాట్స్ కంటే ఎక్కువ అర్థమవుతుంది.

ఇక కెరీర్ ఎలా చదవాలి. మోడ్రిచ్ చిన్నప్పటి కథ చాలామంది వినే ఉంటారు, 1991లో క్రొయేషియా స్వాతంత్ర్య యుద్ధంలో తాతని చంపేశారు, కుటుంబం ఊరొదిలి జదర్ టౌన్‌లో ఒక హోటల్‌లో శరణార్థులుగా ఉంది, ఆ హోటల్ పార్కింగ్‌లోనే బాల్ ఆడాడు. దాని గురించి ఎక్కువ రాయను. కెరీర్ వైపు నుంచి చూస్తే అంతకంటే పనికొచ్చే ముక్క ఇంకోటుంది, హైడుక్ స్ప్లిట్ అనే పెద్ద క్లబ్ పిల్లాడు మరీ బక్కపలచగా ఉన్నాడని తీసుకోలేదు. భుజంతో తోసి గెలవలేనివాడు మనిషి తగిలేలోపే బాల్ వదిలేయాలి, అంటే ముందే చూసి పెట్టుకోవాలి. ఆ తల తిప్పడం అక్కడి నుంచే వచ్చిందని నా ఊహ. తర్వాత డినామో జాగ్రెబ్ తీసుకుని 2003లో, 18 ఏళ్లకి, బోస్నియాలో మోస్టార్ టౌన్ క్లబ్ జ్రిన్‌స్కీకి లోన్ మీద, అంటే కొన్నాళ్లు అరువుగా పంపింది. అక్కడ కాళ్ల మీద తన్నులు తింటూ ఆ లీగ్‌లో ఆ ఏడాది బెస్ట్ ప్లేయర్ అయి వచ్చాడు. ఏ మిడ్‌ఫీల్డర్ కెరీర్ చూసినా ఇలాంటి లోన్ సీజన్ వెతకండి, పెద్ద క్లబ్ పేరు కంటే అదే ఎక్కువ చెప్తుంది.

ఆ తర్వాత ప్రతి క్లబ్ దగ్గరా రెండు విషయాలు చూసుకుంటే చాలు, కోచ్ ఎక్కడ ఆడించాడు, పక్కన ఎవరున్నారు. 2008లో ఇంగ్లండ్ క్లబ్ టోటెన్‌హామ్ 16.5 మిలియన్ పౌండ్లకి కొన్నప్పుడు అక్కడా అదే పాట, ఈ ఒళ్లుతో ఇంగ్లండ్‌లో ఏం ఆడతాడని. మొదట్లో ఎడమ పక్కన, స్ట్రైకర్ వెనకాల ఇలా అన్నిచోట్లా పెట్టారు, కోచ్‌గా హ్యారీ రెడ్‌నాప్ వచ్చాక మెల్లగా మధ్యలోకి, కిందకి తెచ్చాడు, అక్కడి నుంచే మనకి తెలిసిన మోడ్రిచ్ మొదలు. గోల్‌కి దూరమైన కొద్దీ విలువ పెరగడం అనేది మిడ్‌ఫీల్డ్‌లోనే కుదురుతుంది అనుకుంటా. 2012లో మాడ్రిడ్ వెళ్లాడు, నాలుగు నెలలకే ఒక స్పెయిన్ పేపర్ పాఠకుల పోల్‌లో ఆ సీజన్ చెత్త కొనుగోలు అని ఓట్లేశారు. జనం ఓపిక అంతే మరి. 2014లో లిస్బన్‌లో జరిగిన చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో 93వ నిమిషంలో రామోస్ తలతో కొట్టిన గోల్ మాడ్రిడ్ అభిమానులు దేవుడి పటంలా పెట్టుకున్నారు, ఆ కార్నర్ వేసింది మోడ్రిచే. జిదాన్ కోచ్‌గా ఉన్న టైమ్‌లో కసేమిరో వెనకాల కాపలా, క్రూస్ ఎడమ వైపు, మోడ్రిచ్ కుడి వైపు, 2016 17 18 వరసగా మూడు చాంపియన్స్ లీగ్‌లు. ఈ ముగ్గురిలో ఎవరు గొప్ప అని కొట్టుకోవడం శుద్ధ దండగ, కసేమిరో లేకపోతే మోడ్రిచ్ అంత ముందుకి బాల్ తీసుకెళ్లలేడు.

చివరి ఏళ్లు చదివేటప్పుడు మ్యాచ్‌ల సంఖ్య వదిలేసి నిమిషాలు చూడండి. 2024 చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో అతను 85వ నిమిషంలో క్రూస్ బదులు దిగాడు, మెడల్ లెక్కలో అది ఆరో చాంపియన్స్ లీగే. బెంచ్ మీద కూర్చోవడానికి ఒప్పుకోవడం, దిగిన పావుగంటలో ఆటని చల్లార్చడం, అదీ ఉద్యోగమే. 2025లో మాడ్రిడ్ వదిలి 39 ఏళ్లకి ఏసీ మిలాన్‌లో 14 నంబర్ వేసుకున్నాడు.

మీరు టర్ఫ్‌లో ఆడేవాళ్లయితే ఒక చిన్న ప్రాక్టీస్. ఒకరు ఎదురుగా నిలబడి పాస్ వేయాలి, ఇంకొకరు మీ వెనకాల నిలబడి చేతి వేళ్లు చూపిస్తూ మార్చుతూ ఉండాలి. బాల్ మీ కాలికి తగిలేలోపు వెనకాల ఎన్ని వేళ్లున్నాయో అరిచి చెప్పాలి. మొదట్లో నంబర్ చెప్తే బాల్ కాలి కిందనుంచి పోతుంది, బాల్ ఆపితే నంబర్ తప్పుతుంది, కొన్ని వారాలు పట్టొచ్చు. మోకాళ్లు అరగకుండా బుర్ర పదునెక్కే పని ఇదొక్కటే, ముప్పై దాటిన మనలాంటోళ్లకి మరీ మంచిది.

మోడ్రిచ్ అయ్యాక ఎవరంటే, బార్సిలోనాలో పెడ్రీ తల చూడండి, పీఎస్‌జీలో వితీన్యా పాస్ వేశాక ఎటు జరుగుతున్నాడో చూడండి. 2024 బాలన్ డోర్ గెలిచిన మాంచెస్టర్ సిటీ రోడ్రీని మాత్రం మూడోవాడిగా పెట్టుకోండి, అతను డిఫెండర్ల ముందు ఆడే రకం, ఎక్కువసేపు ఏమీ చేయనట్టే కనిపిస్తాడు, కొత్తవాళ్లకి నిద్రొస్తుంది.