అమ్మ దగ్గు, కాయిల్ పొగ, ఒక చిన్న మీటరు

మాది గుంటూరు బ్రాడీపేట, రోడ్డు దుమ్ము రాకుండా కిటికీలు మూసే ఉంటాయి, అయినా రాత్రిళ్ళు అమ్మకి దగ్గు ఆగట్లేదు. మందులు వాడుతూనే ఇంట్లో గాలి కూడా చూద్దామని పీఎం 2.5, అంటే గాలిలో కంటికి కనపడని సన్నటి దుమ్ము, పొగ కణాల్ని కొలిచే మీటరు తెప్పించా. లోపల చిన్న ఫ్యాను గాలిని లాగుతుంది, లేజర్ వెలుగు కణాల మీద పడి ఎంత చెదిరిందో చూసి లెక్క కడుతుంది. ఘనపు మీటరు గాలిలో ఈ కణాల 24 గంటల సగటు మన దేశంలో 60 మైక్రోగ్రాములు దాటకూడదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) 2021లో చెప్పింది 15 మాత్రమే.

ఎండుమిర్చి తాలింపు పడగానే హాల్లో కూడా నంబరు ఎగిరింది, కానీ కాసేపటికి దిగింది. అసలు దొంగ మస్కిటో కాయిల్ అండీ, తలుపేసిన గదిలో అమ్మ మంచం పక్కన అది కాలుతుంటే తెల్లారేదాకా నంబరు దిగనే లేదు. "పొగేం కనపడట్లేదు కదరా" అంది అమ్మ, మీటరు చేతికిచ్చి చూపించా.

కాయిల్ తీసేసి కిటికీలకి మెష్ కొట్టించి మంచానికి దోమతెర కట్టాం, దగ్గు బాగా తగ్గింది. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను వేసినప్పుడు దాని పక్కనున్న కిటికీ మూసి ఎదురు తలుపు తీయండి, లేకపోతే ఆ కిటికీ గాలినే లాగి బయట పోస్తది, పొయ్యి దగ్గర పొగ అక్కడే ఉంటది. స్టవ్ ఆపాక కూడా కాసేపు తిరగనివ్వండి.

మీటరు స్టవ్ పక్కన పెట్టొద్దు, ఇడ్లీ ఆవిరిని కూడా దుమ్ము కింద లెక్కేస్తది. గ్యాస్ లీకు, కార్బన్ మోనాక్సైడ్ (గ్యాస్ సరిగ్గా కాలకపోతే వచ్చే విషవాయువు) ఇది పట్టదు, బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉన్నవాళ్ళు దానికి వేరే అలారం పెట్టుకోండి.