యాప్ లోన్లు, డైలీ ఫైనాన్స్ నుంచి చిన్న జీతంతో బయటపడటం ఎలా?

పైడిభీమవరం ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని కావచ్చు, పలాసలో జీడిపప్పు పని కావచ్చు, విజయనగరంలో బట్టల షాపు ఉద్యోగం కావచ్చు. జీతం పడిన ఇరవై రోజులకే చేయి ఖాళీ అయిపోతుంది. మిగతా పది రోజులకి ఫోన్‌లో లోన్ యాప్ ఉంది, బజార్లో డైలీ ఫైనాన్స్ ఉంది. జీతం రాగానే కట్టేద్దామనే తీసుకుంటారు. తీరా జీతం వచ్చాక సగం ఆ అప్పుకే పోతుంది, ఈసారి పదిహేను రోజులకే మళ్లీ చేయి చాపాల్సి వస్తుంది. కొన్ని నెలలయ్యేసరికి ఒక యాప్‌కి కట్టడానికి ఇంకో యాప్ నుంచి తీసుకునే పరిస్థితి.

ఇందులో మీ తెలివితక్కువతనం ఏమీ లేదు. వారంలో, నెలలో మొత్తం ఒకేసారి కట్టాల్సిన అప్పు చిన్న జీతం మీద పడితే ఎవరికైనా ఇదే జరుగుతుంది. బయటపడొచ్చు. అయితే పనులు ఒక వరసలో చేయాలి.

మొదట ఇంట్లో చెప్పండి

చాలామంది ఈ పనిని ఆఖరికి వాయిదా వేస్తారు. నా ఉద్దేశంలో ఇదే అన్నింటికన్నా ముందు చేయాల్సింది. యాప్ వాళ్ల బెదిరింపు అంతా ఒక్క మాట మీదే నడుస్తుంది: "మీ వాళ్లందరికీ చెప్పేస్తాం." ఇంట్లో వాళ్లకి ముందే తెలిస్తే ఆ మాటకి పదును పోతుంది. పైగా అప్పు తీర్చే దారులు చాలావరకు ఇంట్లోనే ఉంటాయి. డ్వాక్రా సంఘంలో ఉండేది మీ ఆవిడో, అమ్మో. బంగారం వాళ్ల దగ్గరే ఉంటుంది. వాళ్లకి చెప్పకుండా ఇవేవీ కదలవు.

అంకెతో సహా చెప్పండి. "కొంచెం అప్పుంది" అంటే నమ్మకం పోతుంది, నెల తర్వాత ఇంకోటి బయటపడితే ఇక ఎవరూ వినరు. రాత్రి అన్నాలయ్యాక, పిల్లలు పడుకున్నాక, నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చోండి.

నోటుబుక్కులో అసలు లెక్క

ఒక పేజీలో అప్పులన్నీ రాయండి. ఎవరికి, చేతికి ఎంత వచ్చింది, ఇప్పటిదాకా ఎంత కట్టారు, ఇంకా ఎంత, ఏ తారీఖు. "చేతికి ఎంత వచ్చింది" అన్న గడి చాలా ముఖ్యం. యాప్‌లో లోన్ 5,000 అని ఉంటుంది, ప్రాసెసింగ్ ఫీజు పోను ఖాతాలో పడేది 3,800. ఏడు రోజుల్లో 5,000 కట్టాలి. అంటే 3,800కి వారం రోజులకే 1,200 వడ్డీ. వారానికి 31 శాతం పైనే! మన దగ్గర పది రూపాయల వడ్డీ అంటేనే గుండె గుభేల్‌మంటుంది, అది నెలకి పది శాతమే.

డైలీ ఫైనాన్స్ కూడా అలాగే చూడాలి. పది వేలు అని చెప్పి తొమ్మిది వేలు చేతిలో పెడతారు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. పోయింది వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి వెళ్లిపోతోంది కాబట్టి, ఆ తొమ్మిది వేలు పూర్తిగా మీ దగ్గర ఉన్నది ఒక్క రోజే. ఆ లెక్కన ఏడాదికి 75 శాతం దాటుతుంది, అంటే ఆరు రూపాయల వడ్డీ పైమాటే.

లెక్క తేలాక వడ్డీ ఎక్కువున్న అప్పు నుంచి తక్కువున్న దాని వరకు వరసగా నంబర్లు వేయండి. ఎవరు గట్టిగా అరుస్తున్నారో వాళ్లకి ముందు కట్టడం మనకు అలవాటు. ఇకమీదట ఈ నంబర్ల ప్రకారమే కట్టాలి.

కొత్త అప్పు ఆపడం

యాప్‌లు వెంటనే డిలీట్ చేయకండి. ముందు లోన్ అగ్రిమెంటు, కట్టిన రసీదులు, వచ్చిన మెసేజ్‌లు అన్నీ స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి పంపండి. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ యాప్‌లకు కాంటాక్ట్స్, ఫోటోలు, కాల్ లాగ్ చూసే అనుమతి తీసేయండి. "మీకు 20,000 రెడీగా ఉంది" అని వచ్చే మెసేజ్‌ల నంబర్లు బ్లాక్ చేయండి. ఒక యాప్ బాకీ తీరిన రోజే దానిలో ఖాతా మూసేయమని అడిగి, అప్పుడు డిలీట్ చేయండి.

ఆటో డెబిట్ విషయంలో జాగ్రత్త. ఖాతాలో డబ్బు లేకుండా వాయిదా బౌన్స్ అయితే ఇటు బ్యాంకూ, అటు కంపెనీ చార్జీలు వేస్తాయి. దాని మీద కేసు కూడా వేయొచ్చు. అందుకని చెప్పాపెట్టకుండా మాండేట్ (ఆటో డెబిట్‌కి మీరిచ్చిన అనుమతి) రద్దు చేసి ఊరుకోవద్దు, వాయిదా తారీఖుకి ముందే కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి.

అప్పిచ్చింది అసలు కంపెనీయా, కాదా

ప్రతి యాప్ వెనకా ఆర్‌బీఐ దగ్గర రిజిస్టరైన బ్యాంకో, ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్) కంపెనీయో ఉండాలి. అప్పిచ్చే ముందు ఆ కంపెనీ పేరు, ఏడాది మొత్తం ఖర్చు శాతం, ఫీజులు అన్నీ ఒక కాగితంలో చూపించాలి, దాన్ని కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అంటారు. డబ్బు ఆ కంపెనీ ఖాతా నుంచే మీ ఖాతాకి రావాలి, తిరిగి దానికే వెళ్లాలి. ఎవరో వ్యక్తి యూపీఐ నంబరుకి కట్టమంటే అక్కడే అనుమానించాలి. రిజిస్టరైన సంస్థలు వాడే లోన్ యాప్‌ల జాబితా 2025 జులై నుంచి ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో ఉంది, అందులో వెతకండి. అరవై రోజుల లోపు మొత్తం కట్టేయమనే లోన్ యాప్‌లను గూగుల్ ప్లే స్టోర్ తన నిబంధనల్లోనే ఒప్పుకోదు. వాట్సాప్ లింకు ద్వారా వచ్చిన ఏడు రోజుల యాప్ ఎలాంటిదో దీన్నిబట్టే అర్థమవుతుంది.

అలాంటి దొంగ యాప్‌కి చేతికొచ్చిన దానికన్నా ఎక్కువ కట్టేసినా ఇంకా అడుగుతుంటే, ఇక పంపొద్దు. పంపేకొద్దీ అడుగుతారు. 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, ఆర్‌బీఐ సచేత్ పోర్టల్‌లో కూడా. స్టేషన్‌కి వెళ్తే స్క్రీన్‌షాట్ల ప్రింట్లు తీసుకెళ్లండి.

అసలు కంపెనీ అయితే మాట్లాడాలి

వాయిదా తప్పాక వాళ్లు ఫోన్ చేస్తే మాట్లాడటం వేరు, తప్పకముందే మీరు ఫోన్ చేయడం వేరు. "నా జీతం ఇంత, ఇంటి ఖర్చు ఇంత, నెలకి రెండు వేలు కట్టగలను, ఆరు వాయిదాలు చేయండి" అని అంకెలతో అడగండి. కట్టలేనంత మొత్తానికి సరే అనొద్దు, ఆ మాట తప్పితే రెండోసారి వినరు. ఫోన్‌లో ఒప్పుకున్నది ఈమెయిల్‌లోనో మెసేజ్‌లోనో వచ్చాకే డబ్బు కట్టండి. ఆలస్యానికి వేసే జరిమానాను అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ లెక్కేయకూడదని ఆర్‌బీఐ నిబంధన. లెక్కలో అలా కనిపిస్తే తీసేయమనండి.

"కొంత కట్టి సెటిల్ చేసుకోండి" అని వాళ్లే అంటే ఒక విషయం తెలుసుకోండి. సెటిల్ చేస్తే మీ అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది, ముందు ముందు బ్యాంకు లోన్‌కి అడ్డొస్తుంది. పూర్తిగా కట్టగలిగితే "క్లోజ్డ్" అని పడేలా చూసుకోవడమే మంచిది. తిండికే ఇబ్బందైతే మాత్రం సెటిల్‌మెంట్‌కి వెనకాడొద్దు.

ఖరీదైన అప్పును చవక అప్పుతో తీర్చడం

కొత్త అప్పు వద్దని చెప్పి మళ్లీ అప్పేంటి అనుకోకండి. వడ్డీ తగ్గి, వాయిదా మీ జీతానికి సరిపడేలా ఉంటే, వచ్చిన డబ్బు ఆ రోజే పాత అప్పుకి పోతే, అది మేలే చేస్తుంది.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మొదట అడగాల్సింది పొదుపు సంఘాన్నే. సంఘం సొంత పొదుపులోంచి చిన్న మొత్తాలు ఇచ్చుకోవచ్చు, సంఘాలకి అప్పులిచ్చే స్త్రీనిధి ఉంది, సంఘానికి బ్యాంకు ఇచ్చే లింకేజీ లోను ఉంది. సంఘాల పనులు చూసే యానిమేటర్‌ని కలిసి ఏది త్వరగా వస్తుందో అడగండి. తోపుడు బండి, టిఫిన్ బండి, కూరగాయల వ్యాపారం ఉన్నవాళ్లు మున్సిపాలిటీలో వీధి వ్యాపారుల లోన్ పథకం పీఎం స్వనిధి గురించి అడగాలి, మొదటి విడత 15,000 దాకా హామీ లేకుండా వస్తుంది, వాయిదాలు సరిగ్గా కడితే వడ్డీలో 7 శాతం రాయితీ. బంగారం ఉంటే ప్రైవేటు ఫైనాన్స్ కంటే బ్యాంకులో పెట్టండి, సాధారణంగా రూపాయి వడ్డీకి అటూఇటూలో దొరుకుతుంది. తాకట్టు గడువు తారీఖు మాత్రం గోడ మీద క్యాలెండర్‌లో రాసుకోండి, మర్చిపోతే వేలం దాకా పోతుంది.

ఉదాహరణకి రణస్థలం దగ్గర ఒక ఇల్లు అనుకుందాం. ఆయన జీతం 14,500, ఆవిడ టైలరింగ్‌లో 3,500, మొత్తం 18,000. ఇంటి ఖర్చు 10,500. మైక్రోఫైనాన్స్ వాయిదా నెలకి 2,400. తెలిసినాయన దగ్గర 20,000 మూడు రూపాయల వడ్డీకి, నెలకి 600. డైలీ ఫైనాన్స్ రోజుకి వంద, నెలకి 3,000, ఇంకా 4,000 బాకీ. ఇవన్నీ పోను మిగిలేది 1,500. యాప్‌లో 12,000 బాకీ ఉంది, దాన్ని నెలనెలా తిప్పడానికే రెండు వేలు పోతోంది. ప్రతి నెలా ఐదొందలు తక్కువ.

ఆవిడ సంఘం నుంచో, కమ్మలు బ్యాంకులో పెట్టో 16,000 తెచ్చి యాప్, డైలీ ఫైనాన్స్ రెండూ ఒకే రోజు మూసేశారు. ఇప్పుడు ఆ 3,000, మిగిలే 1,500 కలిపి నెలకి 4,500 చేతిలో ఉంటుంది. కొత్త అప్పుకి వడ్డీ నెలకి 160 లోపే. నాలుగో నెలలో అది తీరిపోతుంది. అక్కడి నుంచి అదే 4,500 మూడు రూపాయల వడ్డీ అప్పుకి మళ్లిస్తే, ఏడాది తిరగకుండానే మైక్రోఫైనాన్స్ ఒక్కటే మిగులుతుంది. జీతం పైసా పెరగలేదు.

ఈ లెక్క చెడిపోయేది సాధారణంగా పండగ నెలలో. సంక్రాంతికి కొత్త బట్టలు, పైడితల్లమ్మ పండక్కి బంధువులు. ఆ ఒక్క ఏడాది "ఈసారికి మాకు కుదరదు" అని ముందే చెప్పేయండి. ఆడవాళ్లకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు 2025 ఆగస్టు 15 నుంచి ఉచితం. రోజూ ఆటోలో వెళ్లే పని ఉంటే ఆ డబ్బు కూడా అప్పు పేజీలోకే చేర్చండి.

బెదిరిస్తే

అప్పు కట్టలేకపోవడం నేరం కాదు, దానికి జైల్లో వేయరు. ఇది గుండెల నిండా నమ్మండి. వీడియో కాల్‌లో పోలీసులమని చెప్పి బెదిరించే "డిజిటల్ అరెస్ట్" అనేది చట్టంలోనే లేదు. అయితే మీరిచ్చిన చెక్కు బౌన్స్ అయితే కేసు అవుతుంది, అందుకే ఎవరికీ ఖాళీ చెక్కు, ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టొద్దు.

రికవరీ ఏజెంట్లు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. మైక్రోఫైనాన్స్ వాళ్లయితే ఉదయం 9 నుంచి సాయంత్రం 6 లోపే రావాలి. తిట్టడం, నలుగురిలో పరువు తీయడం, చుట్టాలకి ఫోన్లు చేసి వేధించడం అన్నీ నిషేధం. తారీఖు, టైము, నంబరు రాసుకుని ముందు కంపెనీకి ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు పెట్టొచ్చు. ఎలా పెట్టాలో 14448లో చెబుతారు. కోర్టు నోటీసు వస్తే దాచిపెట్టకండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లా కోర్టుల్లో న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా లాయర్‌ని ఉచితంగా ఇస్తారు. హెల్ప్‌లైన్ 15100. లోక్ అదాలత్‌లో వాయిదాల మీద రాజీ కుదుర్చుకోవచ్చు.

ఫోన్ల టెన్షన్‌తో నిద్ర పట్టక, ఇక బతకడం దండగ అనిపిస్తే ఆ క్షణమే ఇంట్లో ఒకరిని లేపండి, లేదా 14416 టెలీ మానస్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు.

తీరాక చేయాల్సినవి

ఆఖరి వాయిదా కట్టిన రోజే నో డ్యూస్ సర్టిఫికెట్ (బాకీ ఏమీ లేదని రాసిచ్చే కాగితం) అడగండి. ప్రోనోటు, చెక్కులు వెనక్కి తీసుకోండి. మాండేట్ రద్దు చేయించండి. రెండు నెలలాగి క్రెడిట్ రిపోర్టు చూసుకోండి, ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇవ్వాలి. తీరిన అప్పు ఇంకా బాకీగానే కనిపిస్తే ఆ సర్టిఫికెట్ జతచేసి సరిచేయమని రాయండి. అప్పుకి కట్టిన డబ్బులోంచి నెలకి ఐదొందలైనా పోస్టాఫీసు ఆర్‌డీలో (నెలనెలా కట్టే పొదుపు ఖాతా) వేయడం మొదలుపెట్టండి, వంద రూపాయలతో కూడా తెరవొచ్చు. పిల్లాడికి జ్వరం వచ్చినా, బండి చెడిపోయినా యాప్ జోలికి పోకుండా ఉండాలంటే మూడు నాలుగు వేలైనా చేతిలో ఉండాలి.